గట్టయ్యకు పెట్టిన ముద్ద

అనగనగా ఒక అడవిలో, ఎర్రమట్టి దిబ్బ మీద, నడుమెత్తు చెదపుట్ట ఒకటి ఉండేది. అందులో చెదపురుగులు కొందరు మట్టి తెచ్చి గోడలు కట్టేవారు. కొందరు సైనికులై కాపలా కాసేవారు.

ఆ సైనికుల్లో గట్టయ్య ఒకడు. ఒంట్లో సగం తలే. కళ్లు కనిపించవు. కోరలు మాత్రం పెద్దవి. అవి శత్రువును కొరకడానికే తప్ప పుల్ల నమలడానికి పనికిరావు. అందుకే, పిల్లలూ, సైనికుడికి పనివాళ్లే తిండి నమిలి నోట్లో పెట్టాలి. గట్టయ్యకు పెట్టే వంతు పుల్లమ్మది.

"ఇంత తల ఉంది, ఒక్క ముద్ద నమలడం రాదు!" అని పుల్లమ్మ రోజూ దెప్పేది.

"వస్తే నీ తిట్లెందుకు తింటానమ్మా? ముద్దొక్కటే తినేవాణ్ని" అనేవాడు గట్టయ్య.

"యుద్ధం ఎప్పుడొస్తుందో, నువ్వెప్పుడు పనికొస్తావో!"

"రాకపోతే మంచిదేగా."

ఒకనాటి ఉదయం ఎలుగుబంటి వచ్చి పుట్టను గోళ్లతో గీకింది. నాలుక పెట్టి చూసి, నచ్చక వెళ్లిపోయింది. అది చేసిన చిల్లు లోపలి సన్నని దారిలోకి తెరుచుకుంది. ఆ దారి చివర గుడ్ల గది ఉంది. వాసన పట్టి గండుచీమలు బారులు తీరాయి.

గట్టయ్య తలను నేలకేసి టకటకా కొట్టాడు. అదే ఆ పుట్టలో ప్రమాదం గుర్తు. పనివాళ్లు పరుగున వచ్చారు. దారి ఒక్క తల వెడల్పే. గట్టయ్య తన తలనే దానికి అడ్డం పెట్టి నిలబడ్డాడు. అతని వెనక పుల్లమ్మ వాళ్లు గోడ మొదలుపెట్టారు.

గోడ కొంచెం లేచింది. "గట్టయ్యన్నా, లోపలికి రా!" అని పిలిచింది పుల్లమ్మ.

"నేను కదిలితే నా వెంటే చీమలూ వస్తాయి. కట్టండి" అన్నాడు గట్టయ్య. ఒక చీమను కొరికి విసిరేశాడు.

గోడ సగానికి వచ్చింది. "అన్నా, ఇప్పుడైనా దూకు!"

"మట్టి ఇంకా పచ్చిగా ఉంది. తోస్తే పడిపోతుంది. కట్టండి." అప్పటికే అతని కాలొకటి పోయింది.

చివరికి ముద్ద పట్టేంత కంత మిగిలింది. దాన్ని మూయడానికి పుల్లమ్మ మట్టి ఎత్తింది.

"ఏమ్మా, ఈ పూట నా ముద్ద ఎగ్గొడదామనా?" అన్నాడు గట్టయ్య.

పుల్లమ్మ గబగబా నమిలి కంతలోంచి అందించింది. చీమలు ఒక్క అడుగు వెనక్కి తగ్గిన క్షణంలో గట్టయ్య తల తిప్పి అందుకున్నాడు.

"ఇవాళ పెద్ద ముద్దే" అన్నాడు. మళ్లీ చీమల వైపు తిరిగాడు. పుల్లమ్మ కంత మూసేసింది.

గోడ అవతల టకటక వినిపిస్తూనే ఉంది. అది వినిపిస్తున్నంతసేపూ దారి తమదేనని లోపలివాళ్లకు తెలుసు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి చప్పుడు ఆగింది. పుల్లమ్మ గోడను తడిమి చూసింది. ఎండి రాయిలా ఉంది. చీమలు గీకి గీకి, విసిగి వెళ్లిపోయాయి.

వానలు వచ్చాయి. గుడ్లన్నీ పిల్లలయ్యాయి. పుట్ట మరో జానెడు పెరిగింది. కొత్తగా కాపలాకు వచ్చిన సైనికుడు ఒకడు పుల్లమ్మ దగ్గర సిగ్గుపడుతూ నిలబడ్డాడు.

"అమ్మా, నాకు నమలడం రాదు" అన్నాడు.

"తెలుసులే. నోరు తెరువు" అంది పుల్లమ్మ. పెద్ద ముద్దే పెట్టింది.

నీతి: మనల్ని కాచేవాడికి పెట్టే తిండి మనం చేసే ఉపకారం కాదు, మన కోసం అతను ఇవ్వడానికి సిద్ధపడిన ప్రాణం ముందు అది చాలా చిన్నది.