గురువు బండి, శిష్యుడి విజిల్

శిష్యుడు ప్రశ్న అడిగితే చెక్కభజన గురువు ఓబుళయ్య వెంటనే జవాబు చెప్పేవాడు కాడు. "పద, అట్లా పోయొద్దాం" అని లేచేవాడు. ఆ పోవడం ఒక్కోసారి చేను గట్టు దాకానే, ఒక్కోసారి పక్క మండలం దాకా. పోనీ దారిలో మాట్లాడేవాడా అంటే అదీ లేదు. ఇల్లు చేరేసరికి మాత్రం, అడిగినవాడికి తన ప్రశ్న ఎక్కడో దారిలో జారిపోయినట్టు ఉండేది.

ఆ మంగళవారం మధ్యాహ్నం ప్రశ్న మద్దిలేటిది.

"సామీ, నలభై దినాలుగా ఎర్రదొడ్డికి పోతాండా. ఒక్క పొద్దు మానింది లేదు. తప్పు కనపడితే వదిలిందీ లేదు. అయినా వాళ్ల కాళ్లల్లో ఆట నిలవడం లేదు. లోపం వాళ్లదా, నాదా?"

ఎర్రదొడ్డి మద్దిలేటికి దక్కిన మొదటి ఊరు. పదహారు మంది చేతికి చెక్కలిచ్చి, అడుగులు నేర్పి, గజ్జెపూజ నాడు ఒక పాటను మొదలు నుంచి తుది దాకా ఆడించగలిగితే, ఊరివాళ్లు కొత్త గురువుకు తలపాగా చుడతారు. ఆడించలేకపోతే వేరే గురువును పిలిపించుకుంటారు. ఒక ఊరు వద్దన్న మనిషిని ఇంకో ఊరు పిలవదు. మద్దిలేటి ఓబుళయ్య దగ్గర పదకొండేళ్లు చేసిన శిష్యరికం అంతా వచ్చే శనివారం జరిగే ఆ గజ్జెపూజ మీద వేలాడుతోంది.

ఓబుళయ్య నల్లద్దాలు సర్దుకుని లేచాడు. "పద, నేనూ వస్తా. బండి తీయి."

గురువుకు కంటి ఆపరేషను జరిగి నలభై రోజులైంది. దుమ్ములో తిరగొద్దని డాక్టరు చెప్పినప్పుడు ఆయన మోటారుసైకిలు తాళం మద్దిలేటి చేతిలో పెట్టి, "బండి చూసుకో" అన్నాడు. మద్దిలేటి చూసుకున్న తీరును వంక పెట్టడానికి లేదు. పొద్దున్నే స్నానం చేసి వచ్చి, బండి తుడిచి, ట్యాంకు మీద కుంకుమ బొట్టు పెట్టి, సెల్ఫ్ నొక్కేవాడు. ఇంజను పలకగానే లైటు వేసి చూసి, హారను రెండుసార్లు మోగించి, ఆపేసి, గుడ్డ కప్పేవాడు. ఎక్కి తోలింది మాత్రం ఒక్కనాడూ లేదు. గురువు సీటు మీద శిష్యుడు కూర్చోవడమా! ఎర్రదొడ్డికి ముప్ఫై కిలోమీటర్లు బస్సులో నిలబడే పోయివచ్చేవాడు.

గుడ్డ తీసి మీట నొక్కితే బండి టిక్కు టిక్కుమంది. ఇంకోసారి నొక్కితే ఆ టిక్కు కూడా లేదు. కిక్కు లేని బండి అది.

"నిన్న పలికింది సామీ!" అన్నాడు మద్దిలేటి, చనిపోయిన మనిషి గురించి చెప్పినట్టు.

"అయితే తోయి" అన్నాడు ఓబుళయ్య. తను ఎక్కి, రెండో గేరులో వేసి, క్లచ్చి పట్టుకున్నాడు. వీధి వాలులో మద్దిలేటి తోసుకుంటూ పరుగెత్తాడు. వేగం అందుకోగానే గురువు క్లచ్చి వదిలాడు. బండి రెండుసార్లు ఎగిరిపడి అందుకుంది.

"ఇంగ నువ్వు తోలు."

"మీ సీటు మీద నేనా సామీ?"

"నా కండ్లల్లో దుమ్ము పడకుండా ఎవడో ఒకడు ముందర అడ్డం ఉండాల గదప్పా. కూచో."

మద్దిలేటి చెప్పులు విడిచి, సీటుకు దండం పెట్టి, మళ్లీ చెప్పులు వేసుకుని కూర్చున్నాడు. ఊరు దాటాక వెనక నుంచి గురువు ఏదో అన్నాడు. ఇంజను మోతలో వినపడలేదు. పెద్దవాళ్లు మాట్లాడుతుంటే బండి మోగించుకుంటూ పోవడం మర్యాద కాదని, మద్దిలేటి పక్కకు తీసి, ఇంజను ఆపి, తిరిగి చూశాడు.

"ఏమంటిరి సామీ?"

"ఏం లేదు. రాయి మీద అంకె కనపడతాందంటి. నాలుగు." రోడ్డు పక్క కిలోమీటరు రాయిని చూస్తూ గురువు చిన్నపిల్లవాడిలా సంతోషపడ్డాడు. "ఆపరేషను కాకముందు రాయే కనపడకపాయె."

మీట నొక్కితే బండి ఉలకలేదు. ఈసారి వాలు కూడా లేదు. మద్దిలేటి మూడుసార్లు తోసి, చొక్కా పిండుకునేంత చెమట కార్చాక అది అందుకుంది. రాచకుంట్ల క్రాసులో మెకానిక్ మౌలాలి షెడ్డు దాకా అతను మరి ఆపలేదు.

మౌలాలి పక్క మూత విప్పి బ్యాటరీ చూశాడు. వైర్లు బిగించే చోట తెల్లటి పొడి పేరుకుని ఉంది. వేన్నీళ్లు పోసి కడిగి, తుడిచి, మీటరు పెట్టి చూసి పెదవి విరిచాడు.

"బండి మూలకు పడేసినారా పెద్దయ్యా?"

ఆ మాటకు మద్దిలేటికి రోషం వచ్చింది. "మూలకా? పొద్దు మానకుండా స్టార్టు చేసినా అప్పా! లైటు చూసినా, హారను చూసినా."

"ఎంతసేపు?"

"రెండు నిమిషాలు. అన్నీ పలుకుతాండాయా లేదా అని."

మౌలాలి నవ్వాడు. "ఏట్లో చెలమ తీస్తామే, అట్లాంటిది ఇది. సెల్ఫ్ నొక్కినప్పుడల్లా దీంట్లో నుంచి ఒక బిందె ముంచుకుంటావు. బండి పరిగెత్తితేనే మళ్లా ఊరేది. నలభై దినాలు బిందెలు బిందెలు ముంచి, ఒక్కనాడన్నా ఊరనిస్తివా? పైగా హారను! చెలమలో నీళ్లుండాయో లేవో చూసేదానికి రోజూ తోడి పారబోసినట్టుంది నీ యవ్వారం."

"తోలకుండా పెట్టుకోవాలంటే ఎట్లా?" అని అడిగాడు ఓబుళయ్య. శిష్యుడి వైపు చూడలేదు.

"తోలేది లేదనుకుంటే వైరు ఊడదీసి పెట్టాల. లేదంటే వారానికి ఒకసారన్నా ముప్ఫై కిలోమీటర్లు ఆపకుండా పోనియ్యాల. మధ్యలో బండి కొంచెం అట్లా ఇట్లా గునిసినా ఆపేది లేదు."

"రోజూ చూసుకుంటే ప్రేమ కాదంటావా?"

"చూసుకున్నందుకే గద పెద్దయ్యా చచ్చింది!"

మౌలాలి బ్యాటరీని చార్జింగుకు పెట్టి, నిదానంగా ఎక్కాలి, తొందరపెడితే వేడెక్కి పాడవుతుందన్నాడు. రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలూ ఓబుళయ్య బల్ల మీద కూర్చుని రోడ్డుకు అవతల ఉన్న బోర్డుల మీద అక్షరాలు కూడబలుక్కున్నాడు. తను అడిగిన ప్రశ్నకు గురువు ఇంకా జవాబు చెప్పలేదన్న సంగతే మద్దిలేటికి గుర్తు లేదు. శనివారం మాత్రం గుర్తుంది.

పొద్దు వాలే వేళకు ఎర్రదొడ్డి చేరారు. పదహారు మందీ బడి ముందు బయలులో గజ్జెలు కట్టుకుని సిద్ధంగా ఉన్నారు. పెద్ద గురువును చూసి వాళ్లకు చెమటలు పట్టాయి. మద్దిలేటికి అంతకంటే ఎక్కువ పట్టాయి. మెడలోని విజిల్ నోట పెట్టుకుని ఊది, పాట ఎత్తుకున్నాడు.

మూడో అడుగులో తిక్కన్న కుడికి తిరగాల్సింది ఎడమకు తిరిగాడు. విజిల్ మోగింది. పదహారు జతల గజ్జెలూ ఆగిపోయాయి. మద్దిలేటి తప్పు చూపించి, తిట్టి, మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నాడు. ఈసారి ఐదో అడుగులో విజిల్. తర్వాత రెండో అడుగులోనే.

"గురువా, నలభై దినాల్లో మాకు బాగా వచ్చింది ఒకటే, ఆగేది" అన్నాడు చివరి వరసలో ఉన్న హుసేనప్ప. "శనివారం అదే ఆడి చూపిస్తాం." అందరూ నవ్వారు. మద్దిలేటి నవ్వలేదు.

"ఆ విజిల్ ఇట్లియ్యి, చూస్తా" అన్నాడు ఓబుళయ్య.

మద్దిలేటి మెడలోంచి తీసి ఇచ్చాడు. గురువు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, జుబ్బా జేబులో వేసుకున్నాడు. "ఊఁ, పాడు."

మద్దిలేటి పాడాడు. తిక్కన్న మూడో అడుగులో ఎడమకే తిరిగి హుసేనప్ప భుజానికి గుద్దుకున్నాడు. వరస గజిబిజైంది. మద్దిలేటి చెయ్యి దానంతట అదే రొమ్ము మీదికి పోయి, అక్కడ ఏమీ లేక, ఖాళీగా కిందికి దిగింది. గురువు పెదవుల మీద వేలు లేదు, కనుసన్న లేదు. కళ్లు మూసుకుని మోకాలి మీద తాళం వేస్తున్నాడు. పాట ఆపడానికి మద్దిలేటికి ఏ సాకూ దొరకలేదు. పాడుతూ పోయాడు.

విజిల్ మోగుతుందని పదహారు మందీ ఎదురుచూశారు. మోగలేదు. తప్పిపోయినవాళ్లు తప్పిపోయినచోటే నిలబడలేక పక్కవాడి కాళ్లు చూశారు. రెండో చరణంలో హుసేనప్ప మోచేత్తో తిక్కన్నను కుడికి నెట్టాడు. మూడో చరణంలో నెట్టే పని లేకపోయింది. నాలుగో చరణంలో వరస మళ్లీ చెదిరి, మళ్లీ తనే కూడుకుంది. ఎర్రదొడ్డి వాళ్లు ఆ పాట చివరి పాదం మీద అడుగు వేయడం నలభై రోజుల్లో అదే మొదలు. ఆ అడుగు ఎట్లా వేయాలో సగం మందికి తెలియలేదు.

గజ్జెల చప్పుడు ఆగింది. రొప్పుతూనే తిక్కన్న అన్నాడు, "ఇంగోసారి పాడు గురువా. ఈసారి నేను చూసుకుంటా."

మద్దిలేటి లెక్క పెట్టుకునే ఉన్నాడు: మొత్తం పదకొండు తప్పులు. ఏ అడుగులో ఎవరు తప్పారో అన్నీ నాలుక చివర ఉన్నాయి. అవి చెప్పేద్దామని, అలవాటు కొద్దీ, విజిల్ కోసం గురువు ముందు చెయ్యి చాచాడు.

ఓబుళయ్య జేబు మీద చెయ్యి అట్లాగే ఉంచుకున్నాడు.

"ముప్ఫైలో ఇది ఇంగా నాలుగో రాయే గదప్పా" అన్నాడు.