కోటలో దాచిన హెచ్చరిక

పూర్వం ఒక కోటకు కాల్చిన సున్నం కుండల్లో, పడవల మీద వచ్చేది. పడవ కదిలేముందు సరుకు మీద ఏటినీళ్లు చల్లడం పడవవాళ్ల ఆచారం. పైడమ్మ అలాగే చల్లింది. సున్నం కుతకుత ఉడికి చిమ్మి, ఆమె మొగుడు సింహాద్రి కళ్లు రెండూ పోయాయి.

"ఇంకెవరికీ ఇలా కాకుండా కుండల మీద ఏదైనా గుర్తు వేయించండి బాబూ" అని దివానును వేడుకుంది.

"తడి తగలకూడదని తాటాకు మీద రాయించాం కదే! కోటలో భద్రంగా ఉంది" అన్నాడాయన.

ఒకనాడు దివాను ఆమె పడవే ఎక్కాడు. ఏటి నడుమ పైడమ్మ గెడ ఆపింది.

"ఈ పడవలో ఒకచోట అడుగు పెట్టకూడదు బాబూ."

లేవబోయిన దివాను బిగుసుకుపోయాడు. "ఎక్కడే?"

"తాటాకు మీద రాయించాను. ఇంట్లో చూరులో భద్రంగా ఉంది."

"ఇంట్లో ఉంటే నాకేం లాభమే? ఇప్పుడే చెప్పు!"

"సున్నం మోసేవాళ్లకూ ఇప్పుడే చెప్పాలి కదా బాబూ."

దివాను తల దించుకున్నాడు. ఆపై ప్రతి కుండ మీదా నీటిచుక్క, పక్కనే మంట బొమ్మలు వేయించాడు.

పైడమ్మ ఒక ఖాళీ కుండ తెచ్చి మొగుడి చేతిలో పెట్టింది. సింహాద్రి బొమ్మను వేళ్లతో తడిమాడు.

"బాగా కనిపిస్తోందా?"

"కనిపిస్తోందయ్యా" అంటూ ఆమె, ఆనాడు నీళ్లు చల్లిన చేతిని కొంగులో దాచుకుంది.