హంపమ్మ తరిగిన వంకాయలు

పుట్టుకతో వచ్చే లోపం ఎవరి పాపఫలమని శేషశాయి అడగడం ఆ వారంలో అది నాలుగోసారి. తుంగభద్ర ఒడ్డున చిన్న ఆశ్రమం నడుపుతున్న అతని గురువు విరూపాక్షానందులకు ఓపిక ఎక్కువే. ఆ ప్రశ్న వినగానే మాత్రం మొహం చిట్లించి, చేతిలోని పనిలోకి తిరిగిపోయేవారు.

ఆ ఉదయమే హంపమ్మ అనే బాలింతను అత్త, భర్త జీపులో వెంటబెట్టుకొచ్చారు. ఒళ్లో మూడు రోజుల ఆడబిడ్డ. నడుము దగ్గర వెన్ను మూసుకోక, నిమ్మకాయంత నీటితిత్తి ఉబికి ఉంది. పైపొర పల్చబడి నీరు ఊరుతోంది. వెంటనే కర్నూలు తీసుకెళ్లి ఆపరేషన్ చేయించమని కాన్పు చేసిన డాక్టరమ్మ రాసిచ్చిన చీటీ రెండు రోజులుగా భర్త జేబులోనే ఉంది.

"దోషమేందో తేలకుండా కత్తి పెట్టిస్తే బిడ్డ దక్కదు సామీ," అంది అత్త. "గ్రహణం పూట కత్తిపీట ముట్టొద్దంటే ఇనలేదు. చెప్పు, సామి ముందర చెప్పు!"

"నాలుగు వంకాయలు తరిగినా సామీ," అంది హంపమ్మ తలెత్తకుండా. "తప్పు నాదే."

శేషశాయి పంచాంగం తెచ్చి, ఆ గ్రహణం ఏ నెలలో పట్టిందో వెదకసాగాడు.

"చీము పట్టకముందే బయలుదేరండి," అన్నారు గురువు.

"పౌర్ణమికి శాంతి చేయించి పోతాం సామీ."

ఆయన మళ్లీ చెప్పారు. అత్త మళ్లీ పౌర్ణమే అంది. మూడోసారి ఆయన లేచి నిలబడ్డారు.

"పాపి దొరికితే గానీ కదలరా? అయితే ఆ పాపం నాది! గ్రహణం పూట నేను కడుపునిండా తిన్నాను. తేలిపోయింది కదా, ఇక జీపెక్కండి!"

అత్త బిడ్డను ఎత్తుకుని జీపు వైపు నడిచింది. శేషశాయి తోడు వెళ్లాడు. మర్నాడు ఆపరేషన్ జరిగింది. బిడ్డ బతికింది, ఎడమ కాలిలో మాత్రం కదలిక తక్కువేనన్నారు. వెన్ను మూసుకునేది మొదటి నెలలోనే, గర్భం నిలిచిందని తల్లికి తెలియకముందేనని అక్కడి డాక్టరు హంపమ్మకు చెప్పాడు. ఇంకో బిడ్డను కనాలనుకుంటే ముందుగానే వచ్చి అడిగి, ఫోలిక్ యాసిడ్ మాత్రలు మొదలుపెట్టమన్నాడు.

"అయితే వంకాయలు కాదా?" అని ఆమె రెండుసార్లు అడిగింది.

తిరిగొచ్చిన శేషశాయి ఇదంతా గురువుకు చెప్పి, చివరికి తన మనసులో మాట బయటపెట్టాడు.

"గ్రహణం నాడు మీరు ఉపవాసం ఉన్నారు, నేనే చూశాను. చేయని తప్పు మీ నెత్తిన వేసుకుంటే నాకు కష్టంగా అనిపించింది స్వామీ."

విరూపాక్షానందులు విసుగ్గా అతని వంక చూశారు.

"హంపమ్మ వేసుకున్నప్పుడు అనిపించలేదేం?"