సున్నపు కర్ర

పైడప్ప గురువుకి ఒక అలవాటు. ఎవరేమడిగినా ముందు చేతికి ఏదో ఒక పని అప్పజెబుతాడు, జవాబు తర్వాత. ఆయన గరిడీలో తొమ్మిదేళ్ళు కర్రసాము చేసిన తవిటినాయుడికి ఈ సంగతి తెలియనిది కాదు. అయినా ఆ వేళ తుపాకీ లైసెన్సు కాగితం జేబులో పెట్టుకుని, కొత్త పెళ్ళికొడుకులా మెరిసిపోతూ వచ్చి అడిగాడు.

"గురువు గారూ, వేటకీ ఇంటి కాపలాకీ కలిపి ఒక తుపాకీ కొందామనుకుంటన్నాను. నాకిదే మొదటిది. ఒంటి గొట్టందా, జోడు గొట్టాలదా? మీరే సెప్పాలి."

అడగడంలో తప్పేం లేదు. కొండ దిగొచ్చే పందులు రెండేళ్ళుగా అతని మొక్కజొన్న చేను కంకి మిగల్చకుండా దున్నేస్తున్నాయి. పైగా కిందటి నెల పక్కింటివాళ్ళ మేకల్ని ఎవరో పట్టపగలే తోలుకుపోయారు. తన ఇంట్లో చూస్తే పెళ్ళాం, ఇద్దరు ఆడపిల్లలు, కూతురి దగ్గర ఉండిపోయిన అత్త సన్యాసమ్మ. వాళ్ళకేమైనా అయితేనో అన్న బెంగతో అతనికి తిండి సయించడం లేదు.

గురువు లోపలికెళ్ళి ఓ పొడుగాటి కర్రా, ముంతెడు తడి సున్నమూ తెచ్చి ముందు పెట్టాడు. "పది రోజులు ఇదే నీ తుపాకీ. సివర సున్నం ఆరనీకు. ఆనక రా, ఏది కొనాలో సెప్తాను."

ఆ గరిడీలో ఒక కట్టుబాటుంది. సాధనకి దిగేటప్పుడు కర్ర చివర సున్నం పూస్తారు. ఎదటివాడు కాచుకోకముందే వాడికి సున్నం అంటించినవాడు, ఆ బట్ట అడిగి పట్టుకెళ్ళి ఊరి పక్క పారే గెడ్డలో నలుగురి ముందూ తనే ఉతకాలి. తొమ్మిదేళ్ళలో తవిటినాయుడు ఒక్కసారి కూడా ఉతకలేదు. ఆ గొప్ప అతను చెప్పుకోని చోటు లేదు, విని విని విసుగెత్తని మనిషీ లేడు.

కర్ర భుజాన వేసుకుని నాలుగు రోజులు చేను చుట్టూ తిరిగాడు. ఊరు ఊరుకుంటుందా? "ఏటి నాయుడూ, పందులకి వెల్లేస్తావేటి?" అని నవ్వింది.

అయిదో రోజు పొద్దు వాలుతుండగా చేను నడిమధ్య ఆకులు గలగలమన్నాయి. తవిటినాయుడు కర్ర ఎత్తిపట్టాడు. "ఎవుల్రా అది?" అని కేకేశాడు. గలగల ఆగిపోయింది. "పలక్కపోతే ఏసెత్తాను!" అన్నాడు. అక్కడున్నదేదో ఇంకా కిందికి నక్కింది. మనిషైతే పలకడా, పందే అనుకుని, ఒక్క ఉరుకున పోయి కర్ర పొడిచాడు.

"అమ్మో!" అంది సన్యాసమ్మ.

దూడకి గడ్డి కోసుకుందామని వచ్చిందావిడ. కూతురి పెళ్ళయిన పన్నెండేళ్ళలో ఆవిడ అల్లుడికి ఎదురుపడింది లేదు, అతనితో ఒక్క మాట ఆడింది లేదు. వాకిట్లో అతని చెప్పుల చప్పుడైతే చాలు, కొంగు కప్పుకుని తలుపు చాటుకి పోయేది. అల్లుడికి అత్త ఇచ్చే మర్యాద అది. ఆ వేళా అంతే చేసింది. అతను కేకలేసిన కొద్దీ, పాపం, మరింత ముడుచుకుంది.

ఆవిడ గడ్డిమోపు ఎత్తుకుని, వెనక్కి తిరిగి చూడకుండా ఇంటిదారి పట్టింది. నీలం నేత చీర మీద, ఎడమ రెక్క కింద, అరచేయంత తెల్లటి సున్నం. తవిటినాయుడు అక్కడే కూలబడ్డాడు. సిగ్గుతో చచ్చిపోయాడు.

కట్టుబాటు కట్టుబాటే. మర్నాడు పెళ్ళాన్ని చీర అడిగాడు. "మాయమ్మ కోక నువ్వుతుకుతావా? ఎక్కడైనా ఉందా?" అని ఆమె నెత్తీనోరూ బాదుకుంది. అయినా పట్టుకెళ్ళాడు. గెడ్డ దగ్గర ఆడవాళ్ళందరూ చూస్తుండగా అత్త చీర రాతి మీద పరిచి రుద్దాడు. పందులకి వెల్లేస్తావా అని నవ్విన ఊరు ఆ వేళ నవ్వలేదు. నవ్వితేనే బాగుండుననిపించింది అతనికి.

ఇంటికొచ్చి తడి చీర దండెం మీద ఆరేస్తుంటే తలుపు చాటు నుంచి సన్యాసమ్మ గొంతు మెల్లగా వినిపించింది. కూతురితో అంటోంది. "మీ ఆయనతో సెప్పమ్మా. ఈ సారి పలుకుతాననీ, భయపడొద్దనీ."

తవిటినాయుడు చీర అంచు మొహాన పెట్టుకుని ఏడ్చాడు.

పదో రోజు గరిడీకి వెళ్ళాడు. జేబులో కాగితం ఉంది గానీ మొహంలో ఆ మెరుపు లేదు. తల దించుకుని జరిగిందంతా చెప్పాడు.

"సున్నం పోయిందా?" అన్నాడు గురువు.

"రెండు ఉతుకులకి పోయింది గురువు గారూ."

గురువు సున్నం ముంత మళ్ళీ అతని ముందుకి జరిపాడు. "మొదటిది ఏది కొనాలని కదూ అడిగావు? ఉతికితే మచ్చ పోయేది."