మిగిలిన ముక్క

డాక్టర్ వినీలకు గురువు మీద ఒకటే కష్టం. ఆయన ఆమెను ఏ ఆపరేషనూ చివరిదాకా చేయనివ్వడు.

కిడ్నీలో రాళ్లు తీసే ఆపరేషన్లలో ప్రత్యేక శిక్షణ కోసం ఆమె పల్నాడులోని ఒక ఆస్పత్రిలో ఏడాది ఫెలోషిప్‌కి చేరింది. ఎనిమిది నెలలు గడిచాయి. ఈ ఆపరేషన్‌లో రోగి వీపులో సూది దించి, అక్కడ చిన్న రంధ్రం చేసి, అందులోంచి సన్నటి, వంగని గొట్టాన్ని కిడ్నీలోకి పంపాలి. గొట్టం చివరి కెమెరా చూపించేదాన్ని తెర మీద చూస్తూ రాయిని పగలగొట్టి, ముక్కల్ని బయటికి తీయాలి. సూదిని గురి తప్పకుండా దించడం ఆమెకు వచ్చింది. రాయిని పగలగొట్టడమూ వచ్చింది. అయినా ఇంకో రెండు ముక్కలు మిగిలి ఉన్నాయనగా గురువు డాక్టర్ జకరయ్య పక్కనుంచి చెయ్యి చాపేవాడు. ఆమె గొట్టం ఆయనకిచ్చి తప్పుకునేది.

ఒక్కోసారి ఆయన ఆ ముక్కలు తీసేవాడు. ఒక్కోసారి తీయకుండానే ముగించేసేవాడు. ఎందుకో చెప్పేవాడు కాదు. ఆయన అరవై దాటిన మనిషి, మాటలు తక్కువ.

తనతో చదువుకున్నవాళ్లు వేరే ఊళ్లలో ఒంటరిగా కేసులు చేస్తున్నామని ఫోన్లో చెబుతుంటే వినీల మాట మార్చేసేది. ఆయనకు తన మీద నమ్మకం లేదని ఆమెకు గట్టిగా అనిపించింది.

ఒక సోమవారం మధ్యాహ్నం ఆయన గదిలోకి వెళ్లి నిలబడింది.

"సార్, ఒక్క కేసు మొదటి నుంచి చివరిదాకా నాకు వదిలేయండి."

జకరయ్య చూస్తున్న కాగితాలు పక్కన పెట్టాడు. రేపటి రోగి స్కానింగ్ చూశావా అని అడిగాడు. చూశానంది.

"సరే, రేపటిది నీదే. నేను పక్కనే ఉంటాను. నువ్వు పిలిస్తే తప్ప చెయ్యి పెట్టను."

ఆ రోగి పేరు మస్తాన్ వలీ. పిడుగురాళ్ల దగ్గర సున్నం బట్టీలో ఇరవై ఏళ్లుగా పని. బట్టీ వేడికి ఒళ్లంతా చెమటై పోతుంటే తాగే నీళ్లు చాలక ఒంట్లో రాళ్లు పేరుకున్నాయి. తొమ్మిదేళ్ల కిందట ఎడమ కిడ్నీ చెడిపోయి తీసేశారు. ఉన్న ఒక్క కుడి కిడ్నీలో ఇప్పుడు జింక కొమ్ములాగా నాలుగు వైపులా పాకిన రాయి ఉంది.

ఆ సాయంత్రం వినీల వార్డుకి వెళ్లి ఆపరేషన్ ఎలా చేస్తారో అతనికీ అతని భార్య ఖాసింబీకీ చెప్పింది. అతను అంతా విని ఒక్క మాటే అన్నాడు.

"ఇది పోతే నాకు ఇంకోటి లేదమ్మా."

ఏం భయం లేదని, ఒక్క ముక్క కూడా మిగలకుండా తీసేస్తానని వినీల మాటిచ్చింది.

మర్నాడు ఉదయం ఎనిమిదిన్నరకు మొదలుపెట్టింది. మత్తిచ్చి మస్తాన్ వలీని బోర్లా పడుకోబెట్టారు. సూది మొదటిసారికే కరెక్టుగా దిగింది. జకరయ్య గౌను తొడుక్కుని, గ్లౌజులు వేసుకుని, రెండు చేతులూ ఛాతీ దగ్గర కట్టుకుని ఆమె ఎడమ పక్కన నిలబడ్డాడు. గంటన్నరలో రాయి చాలావరకు బయటికి వచ్చింది. పసుపు రంగు ముక్కలు గిన్నెలో పోగుపడ్డాయి.

కిడ్నీ లోపలి పై అరలో ఒక ముక్క మిగిలింది. శనగగింజంత.

గొట్టం నేరుగా వెళ్తే అది అందదు. వినీల గొట్టాన్ని పక్కకి వాల్చి, ఇంకొంచెం వాల్చి లోపలికి నెట్టింది. ముక్క కనిపించింది. దాన్ని పట్టుకోబోతుండగా తెర అంచు నుంచి ఎరుపు పొగలాగా కమ్ముకొచ్చింది.

తెర తేటపడడానికి గొట్టంలోంచి లోపలికి పంపే నీళ్లు పెంచమంది. పెంచారు. తెర ఒక్క క్షణం తేటపడి, ముక్క కనబడి, మళ్లీ ఎర్రబడింది. ఇంకా పెంచమంది.

మత్తు డాక్టరు ఫణీంద్ర బీపీ నూటపది అని చెప్పాడు. ఆమె తల ఊపింది. ముక్క మళ్లీ కనబడింది. అందలేదు.

"నూరు," అన్నాడు ఫణీంద్ర.

వినీల చెవిలో ఆ అంకె పడింది కానీ లోపలికి వెళ్లలేదు. ఆ ముక్క ఒక్కటీ వస్తే అయిపోతుంది. రెండు నిమిషాల పని. పక్కన నిలబడ్డ మనిషిని పిలవచ్చని ఆమెకు తెలుసు. పిలిస్తే ఎనిమిది నెలల సంగతి మళ్లీ మొదటికొస్తుందనీ తెలుసు. గొట్టాన్ని ఇంకాస్త వాల్చింది.

"తొంభై రెండు. మేడమ్, రక్తం తెప్పిస్తున్నాను."

"చెయ్యి కదపకు," అన్నాడు జకరయ్య.

ఆమె చెయ్యి ఆగింది. ఆయన రెండడుగులు ముందుకు వేసి, గ్లౌజు వేసుకున్న వేలితో తెర మీటను నొక్కేశాడు. తెర నల్లబడింది.

ఆ మీటను ముట్టుకున్న గ్లౌజులతో ఇక రోగిని తాకకూడదు. మార్చుకునేదాకా ఆయన ఏ సాయమూ చేయలేడు. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు.

"ఇప్పుడు ఏం కనిపిస్తోంది?" అని అడిగాడు.

వినీల తల ఎత్తింది. గంటన్నరకు పైగా గడిచాక మొదటిసారి తెర మీంచి చూపు తిప్పింది. గోడ పక్కన సీసా నిండా ఎర్రటి నీళ్లు. నేల మీద పరిచిన గుడ్డ తడిసి ఎర్రబడింది. ఫణీంద్ర నుదుటి మీద చెమట. గుడ్డల కింద నుంచి బయటికి కనిపిస్తున్న మస్తాన్ వలీ పాదాలు, మడమల పగుళ్లలో సున్నం ఇంకి తెల్లగా ఉన్నాయి. నాడి చప్పుడు వేగంగా, పలచగా వినిపిస్తోంది. అది చాలాసేపటి నుంచీ అలాగే కొట్టుకుంటోందని ఆమెకు అప్పుడు తెలిసింది.

"సార్, నేను ఆపేస్తాను," అంది.

ఆయన తెర వెలిగించి, గ్లౌజులు మార్చుకోవడానికి వెనక్కి వెళ్లాడు.

వినీల కెమెరా గొట్టాన్ని మెల్లిగా నిటారుగా తెచ్చి బయటికి తీసింది. అదే దారిలో మెత్తటి రబ్బరు గొట్టం పెట్టి, దాని నోరు బిగించేసింది. లోపలి రక్తం బయటికి వచ్చే దారి లేక గడ్డకట్టి, కారుతున్న చోటును అదే అదిమిపెట్టాలి. రక్తం అలా కట్టకపోతే వేరే దారులున్నాయి. వాటన్నిటి చివరా కిడ్నీ తీసేయడం ఉంది.

ఇక చేయడానికేమీ లేదు. ఆమె కట్టు మీద అరచెయ్యి ఉంచి నిలబడింది. మొదటి రక్తం సంచీ ఎక్కుతోంది. ఫణీంద్ర ఎనభై ఎనిమిది అన్నాడు. కాసేపటికి మళ్లీ ఎనభై ఎనిమిదే అన్నాడు. జకరయ్య కొత్త గ్లౌజులతో వచ్చి మునుపటి చోటే నిలబడ్డాడు. పిలవమని అడగలేదు.

పన్నెండు నిమిషాలకు తొంభై ఆరు. ఇరవై నిమిషాలకు నూటనాలుగు. నాడి చప్పుడు నెమ్మదించింది.

ఖాసింబీకి మీరు చెబుతారా అని వినీల ఆయన్ని అడిగింది. కేసు నీది కదా అన్నాడు ఆయన.

థియేటరు బయట బెంచీ మీద కూర్చున్న ఖాసింబీ ఆమెను చూసి లేచింది. వినీల దాచలేదు. ఒక ముక్క మిగిలిందని, దానికోసం తను మరీ ఎక్కువసేపు ప్రయత్నించిందని, అందువల్ల రక్తం పోయిందని, ఇప్పుడు ఆగిందని, రేపటిదాకా ఏ మాటా గట్టిగా చెప్పలేనని చెప్పింది.

"ఒక్క ముక్క కూడా మిగలదన్నారు గదమ్మా," అంది ఖాసింబీ.

"అన్నాను. అనకుండా ఉండాల్సింది."

ఖాసింబీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. వినీల పక్కనే కూర్చుంది.

బుధవారం ఉదయానికి మూత్రం ధారాళంగా వచ్చింది. రంగు లేతబడింది. కిడ్నీ పనిచేస్తోందని రక్తపరీక్ష చెప్పింది. గురువారం మస్తాన్ వలీ లేచి కూర్చుని ఇడ్లీ తిన్నాడు. మిగిలిన ముక్కను శుక్రవారం తీద్దామని జకరయ్య చెప్పాడు. రక్తం పూర్తిగా ఆగింది కాబట్టి, అదే దారిలో, ఈసారి వంగే కెమెరాతో.

శుక్రవారం ఉదయం వినీల థియేటరు బయట చేతులు కడుక్కునే చోట ఆయన కోసం ఎదురుచూసింది. ఆయన రాగానే ఎదురెళ్లింది.

"సార్, ఇవాళ మీరు చేయండి. నేను పక్కన నిలబడి చూస్తాను."

జకరయ్య కళ్లజోడు తీసి తుడుచుకుని పెట్టుకున్నాడు.

"మంగళవారం నువ్వడిగావని ఇచ్చానమ్మా. ఇవాళ నేనిస్తున్నాను," అన్నాడు.

వినీల కుళాయి తిప్పి చేతులు కడుక్కోసాగింది.