జిత్తులయ్య నేర్చిన తల్లి పిలుపు

సముద్రాలవతలి ఒరినోకో నది ఎండాకాలం వచ్చేసరికి చిక్కి సగమవుతుంది. అప్పుడు ఒడ్డు పొడుగునా పెద్ద పెద్ద ఇసక దిబ్బలు బయటపడతాయి. ఆ దిబ్బలే తాబేళ్లకు పుట్టిల్లు. మన ఆడపిల్లలు పురిటికి పుట్టింటికి రారూ, అలాగే ఏ మూల మేస్తున్న తల్లి తాబేలైనా గుడ్లు పెట్టడానికి అక్కడికే వస్తుంది. వెనకటికి మనుషులు దీపాల నూనె కోసం ఆ గుడ్లు పడవలకెత్తుకుపోయి, వంశం మొత్తం తుడిచిపెట్టబోయారట. ఇప్పుడా మనుషుల మనవలే కర్రలు పాతి, గుడిసె వేసుకుని దిబ్బకు కాపలా కాస్తున్నారు. బుద్ధి ఎప్పుడొచ్చినా మంచిదే కదా!

అక్కడి తల్లుల్లో పెద్దది నిదానమ్మ. చాటంత డిప్ప, ముడతలు పడ్డ మెడ. తొందరంటే ఏమిటో పుట్టి బుద్ధెరిగి ఎరగదు. గుడ్లు పెట్టి ఇసక కప్పేశాక కూడా తన దారి తాను చూసుకోలేదు. ఆ జాతి తల్లుల ఆనవాయితీ అది. పిల్లలు పైకొచ్చేదాకా దిబ్బ ముందరి నీళ్లలోనే కాచుకుని ఉంటారు. పిల్లలు గుడ్డులో ఉండగానే లోపల్నుంచి ఊసులు మొదలుపెడతారు, తల్లులు నీళ్లలోంచి బదులు పలుకుతారు. వేళ చూసి తల్లి పిలిస్తే అందరూ ఒక్కసారే ఇసక తవ్వుకుని వచ్చేసి, ఆమె వెంట వరదలో మునిగిన అడవిలోకి మేతకు పోతారు.

ఆ ఏడు మాత్రం నిదానమ్మకూ తొందర పుట్టింది. ఎగువన వానలు ముందే పడ్డాయి. పొద్దున పొడిగా ఉన్న ఇసక మధ్యాహ్నానికి తడిసిపోతోంది. నీరు గూటిదాకా వస్తే పిల్లలు ఊపిరాడక లోపలే పోతారు. గుడ్లు చీల్చుకుని సిద్ధంగానే ఉన్నారు, గుసగుసలు వినపడుతున్నాయి. సందె వాలేలోపు పిలిచి తీరాలి. పిలుద్దామంటే దిబ్బ మీద జిత్తులయ్య!

జిత్తులయ్య నక్క. కాపలా మనుషులు పల్లపు దిబ్బల మీది గుడ్లను మెరకకు చేర్చడానికి పడవెక్కి పోవడం చూసి వచ్చాడు. తవ్వి తవ్వి గోళ్లరిగాయి గానీ గూడు దొరకలేదు, వానకు వాసనంతా పోయింది. చెట్టు మీది పంచవన్నెల చిలుక వాగుడమ్మ ఊరుకుంటుందా? ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు.

"తవ్వుతావెందుకురా వెర్రివాడా? తల్లి పిలిస్తే వాళ్లే వస్తారు!" అనేసింది.

జిత్తులయ్య తోక దులుపుకుని నీటి అంచుకు వచ్చాడు. "అత్తా! బాగున్నావా అత్తా?"

నిదానమ్మ ముక్కు మాత్రం పైకి పెట్టింది. "బాగానే ఉన్నా. ఎన్నడూ లేనిది వరస కలిపావేం అల్లుడూ?"

"ఎంత మాట! నీ పిల్లలంతా నాకు మరదళ్లు కారూ?"

"ఈ ఏడు మరదళ్లే ఎక్కువలే. ఎండలు మండిపోయాయి. వేడి ఇసకలో పుడితే ఆడపిల్లలే మాకు."

"ఆహా, ఎంత అదృష్టం!" అన్నాడు, నోరూరి ఒక చుక్క ఇసక మీద పడింది. గబుక్కున తుడుచుకున్నాడు. "నీకా వయసు మీదపడింది. నా నోట్లో మన్ను పడ, ఏ వలలోనో చిక్కావనుకో, వాళ్లను పిలిచే దిక్కెవరు? ఆ పిలుపేదో నాకు నేర్పకూడదూ?"

నిదానమ్మ తడిసిన ఇసక వైపు చూసింది. నేర్పనంటే వీడు కదలడు. వీడు కదిలేదాకా నీరు ఆగదు. అబద్ధం చెబుదామా? అబద్ధాల్లో పుట్టి పెరిగినవాడు, వాసన పట్టేస్తాడు. వీడికి తెలియనిది నిజం ఒక్కటే.

"చూడు అల్లుడూ, గాలిలో అరిస్తే పిల్లలకు వినపడదు. నీళ్లలో పిలవాలి. మూతి, చెవులు అన్నీ ముంచి, గొంతు అడుగు నుంచి తీయాలి. ఒక్క పిలుపుకు రారు, మొండిఘటాలు. ఊపిరికి మూతి పైకెత్తినా వెంటనే ముంచెయ్. దిక్కులు చూస్తూ కూర్చుంటే తల్లి బెదిరిందనుకుని ఆగిపోతారు. అదుగో, ఆ దిగువ మడుగులో నీరు నిలకడగా ఉంటుంది, పిలుపు బాగా పాకుతుంది."

జిత్తులయ్య చెట్టు వైపు చూశాడు. "నిజమేనా వాగుడమ్మా?"

"అక్షరం పొల్లుపోకుండా నిజం! మా అవ్వ కూడా ఇదే చెప్పేది."

ఇంకేం, పరుగెత్తుకెళ్లి తలకాయ మడుగులో ముంచాడు. మొదటిసారి కడుపునిండా నీళ్లు తాగాడు. రెండోసారి పొలమారింది. ఆ తర్వాత, ఉన్నమాట చెప్పుకోవాలి, అచ్చు తల్లి పిలుపే పట్టేశాడు. తల నీళ్లలో, తోక ఆకాశంలో.

ఎగువ కొస నుంచి నిదానమ్మ కూడా పిలిచింది. ఇసక కదిలింది. వేలెడు తలకాయలు పైకి పొడుచుకొచ్చాయి. అటు ఒక పిలుపు, ఇటు ఒక పిలుపు! పిల్లలు తికమకపడి ఆగిపోయారు.

"నా తల్లుల్లారా, ఇటు రండమ్మా," అని నిదానమ్మ మళ్లీ పిలిచింది. గుడ్డులో ఉన్న నాటి నుంచీ తమతో ఊసులాడిన గొంతు అది. పిల్లలంతా గిర్రున అటు తిరిగి బుడిబుడి పరుగులు తీశారు.

"ఒరేయ్ జిత్తులయ్యా! వెనక్కి చూడరా! అయ్యయ్యో, చూడరా!" వాగుడమ్మ గొంతు చించుకుంది. చెవుల్నిండా నీళ్లు పెట్టుకున్నవాడికి ఏం వినపడుతుంది?

ఆఖరి పిల్ల నీళ్లలో పడిందో లేదో, అల గూటి నోట్లోకి వచ్చేసింది. అప్పుడే దిగువన "కుయ్యో" మని కేక. మడుగులో రంపపు పళ్ల పిరానా చేప ఒకటి జిత్తులయ్య ముక్కు పట్టింది. విదిలించుకుని, వంకాయలా వాచిన ముక్కుతో దిబ్బ మీదికి వచ్చి చూస్తే ఏముంది? బుల్లి బుల్లి అడుగులు, అన్నీ నీటివైపే.

"అత్తా! మోసం చేశావు!"

"ఒక్క అబద్ధం చెప్పానా అల్లుడూ? బద్ధకంగా పడుకున్నవాళ్లు కూడా నీ కేకకే లేచారు. పురిటింటికి ఇంత సాయం చేశావు, నీ మేలు మరిచిపోతానా?"

"మరి ఈ చేపల సంగతి?"

"నువ్వడిగితే కదా!"

నిదానమ్మ హాయిగా నవ్వుకుంది. చుట్టూ పిల్లలు, "అమ్మా, అదేంటి? అమ్మా, ఇదేంటి?" అని ఒకటే గోల. అందరినీ వెంటేసుకుని నిదానంగా అడవి దారి పట్టింది.

గొంతు అరువు తెచ్చుకోవచ్చు గానీ, తల్లి ఎదురుచూపు అరువు దొరకదు.