దారం కట్టినోళ్లు మందు ముట్టకూడదు

కాసిమయ్యకు గుండెదడ పట్టుకుంది. ఊరికే కూర్చున్న మనిషికి ఉన్నట్టుండి ఒళ్లంతా చెమట పట్టేది, గొంతు పూడుకుపోయేది, ఇంక అయిపోయాననిపించేది. కాసేపటికి తగ్గేది. తగ్గిన దగ్గర్నుంచి మళ్లీ ఎప్పుడొస్తుందోనన్న భయం మొదలయ్యేది.

ఇది ఎవరికైనా రావచ్చు. కానీ కాసిమయ్యకు రాకూడదు కదా! నాపరాళ్ల గనుల మధ్య ఉన్న ఆ చిన్న దర్గాలో భయానికి దారం కట్టేవాడు అతనే. పకీరప్ప తాతకు శిష్యుడు. తాతకు వయసు మీదపడి లోపలి గదికే పరిమితమయ్యాక, గురువారం గురువారం వచ్చే జనాన్ని చూసుకునే పని అతని మీద పడింది.

పీడకలలు వస్తున్నాయనీ, గుండె జారిపోతోందనీ ఎక్కడెక్కడి వాళ్లో వచ్చేవారు. అతను నెమలీకల కట్ట తలకు తాకించి, మణికట్టుకు నల్లదారం కట్టి, "ఇంక భయం లేదు, పో తల్లీ" అనేవాడు. వెనకే ఇంకో మాట కూడా అనేవాడు. "దారం కట్టినోళ్లు మందు ముట్టకూడదు. ముట్టినావంటే ముడికి పవరుండదు."

ఇప్పుడు చూడండి, ఆ మనిషికే నిద్ర లేదు, తిండి లేదు. భార్య దస్తగిరమ్మ ఇంక లాభం లేదని, చుట్టాలింటికని చెప్పి టౌను ఆసుపత్రికి తీసుకుపోయింది. డాక్టరమ్మ అన్నీ చూసి గుండె బాగానే ఉందని, ఇది ఆందోళన జబ్బని చెప్పింది. మాత్రలు వేసుకోవడం ఒక దారి. వారం వారం వచ్చి, మనసులో ఉన్నది కూర్చుని మాట్లాడడం ఇంకో దారి. రెండూ కలిపితే ఇంకా మేలు. "ఏదో ఒకటి మొదలుపెట్టు నాయనా, ఆలస్యం చెయ్యకు" అంది.

మొదలుపెడితే కదా! తూకం వేస్తూ కూర్చున్నాడు. మాత్రలు వేసుకుంటే అలవాటైపోతాయేమో. మాట్లాడడానికి పోతే ఎవరైనా చూస్తారేమో. పక్కూళ్లో ఆకుపసరు మంచిదన్నారు, రెండు పూటలు తాగి వదిలేశాడు. ఊపిరి బిగబట్టమని ఎవరో చెప్పారు, బిగబడితే భయం ఇంకా ఎక్కువైంది. తన చేతికి తానే ఇంకో దారం కట్టుకున్నాడు. మాత్రల అట్ట మాత్రం జుబ్బా జేబులో అట్లాగే ఉంది, ఒక్కటీ చింపలేదు.

ఒక గురువారం మధ్యాహ్నం దస్తగిరమ్మ అన్నం తీసుకుని దర్గాకు వచ్చింది. మొగుడు లేడు. ఎందుకో ఆమెను కాళ్లు గనుల వైపు లాగాయి. పని ఆపేసిన పాత గని ఒకటి ఉంది, అడుగున నల్లగా నీళ్లు నిలిచి ఉంటాయి. దాని అంచున చెప్పులు విడిచి నిలబడి ఉన్నాడు కాసిమయ్య. ఆమె అరవలేదు. వెనకనుంచి పోయి జుబ్బా పట్టుకుని లాగింది. పట్టిన చెయ్యి వదలకుండా తాత గదిదాకా ఈడ్చుకొచ్చింది.

"చూడు తాతా, నీ శిష్యుణ్ణి చూడు! గని కాడ చెప్పులిడిసి నిలబడినాడు. నేను పోకుంటే ఈపాటికి నాకు మొగుడు లేడు. ఊరందరికీ దారాలు కట్టే మనిషే, ఈయనకు ఎవురు కడతారు?" అని అక్కడే కూలబడి ఏడ్చింది.

తాత ఆకువక్క దంచుకుంటున్నాడు. రోలు పక్కకు జరిపాడు.

"సావాలనుకున్నావా అబ్బీ?"

"లేదు తాతా. ఈ దడ ఆగితే చాలనుకున్నా."

"నిన్ను ఆసుపత్రికి తీసుకపోయినానని ఈ పిల్ల మొన్ననే చెప్పింది. మాత్రలు ఏసుకోలేదా?"

"దారం కట్టినోళ్లు మందు ముట్టకూడదు కదా తాతా."

"ఎవురు చెప్పినారు?"

కాసిమయ్య చేతి దారాన్ని కిందికీ పైకీ జరిపాడు.

"నేను చెప్పినానా?"

"లేదు."

"నాకు నేర్పించినాయన చెప్పినాడా?"

"ఎవురూ చెప్పలేదు తాతా. అట్లంటే జనానికి గురి కుదురుతాదని... నేనే అన్నా."

తాత ముఖం నల్లబడిపోయింది. తిట్టలేదు. నాలుగు తిట్టినా బాగుండేదని కాసిమయ్యకు అనిపించింది.

సాయంత్రం జనం వచ్చారు. ఎప్పటిలాగే ప్రార్థన చదివించుకోవడానికి చక్కెర తెచ్చారు. చాలా కాలం తర్వాత తాత గోడ పట్టుకుని తనే బయటికి వచ్చి, ఊదు పొగ ముందు కూర్చున్నాడు. చక్కెర పళ్లెం దగ్గరికి జరుపుకున్నాడు.

"ఆ అట్ట తే" అన్నాడు కాసిమయ్యతో.

"ఇంతమంది ముందరా తాతా?"

"దారాలు కట్టింది ఇంతమంది ముందరే కదా."

కాసిమయ్య జేబులోంచి తీశాడు. తాత దాన్ని చక్కెర మీద పెట్టి, కళ్లు మూసుకుని, రోజూ చదివే ఫాతెహా ప్రార్థననే చదివాడు. ఒక్క అక్షరం తక్కువ లేదు, ఎక్కువ లేదు. జనంలో గుసగుసలు మొదలయ్యాయి.

"అవి ఎవురికి తాతా?" అని ముందు వరసలోని ముసలి రైతు అడిగేశాడు.

"మా కాసిమయ్యకు. భయం జబ్బుకు."

అంతే, కాసిమయ్య తల నేలకు వాలిపోయింది. తాత ఒక మాత్ర చింపి, చిటికెడు చక్కెరతో కలిపి అతని అరచేతిలో పెట్టాడు. దస్తగిరమ్మ చెంబుతో నీళ్లిచ్చింది. మింగాడు. గుండె అట్లాగే కొట్టుకుంటోంది. వెంటనే తగ్గడానికి అదేమన్నా మంత్రమా!

"రేపు ఆ డాక్టరమ్మ కాడికి పోయి మాట్లాడేది కూడా మొదలుపెట్టు. ఎంబడి నేనూ వస్తా" అన్నాడు తాత.

ముసలి రైతు తన మణికట్టు చూసుకుంటూ అన్నాడు. "అట్లయితే ఈ దారం తెంపేయల్లా?"

"యాలరా తెంపేది? ఉండనీ. మందూ ఏసుకో."

కొందరు నవ్వారు. ఒకరిద్దరి ముఖాల్లో బరువు దిగినట్టు కనిపించింది.

అప్పుడు వెనక వరసలోంచి ఒకామె లేచి వచ్చింది. వేరే ఊరి మనిషి. చేతిలో చక్కెర లేదు. కొంగు ముడి విప్పి, ఒక మాత్రల అట్ట తీసి పళ్లెంలో పెట్టింది. నిండుగా ఉంది. కొంగులో కట్టుకుని తిరిగీ తిరిగీ అంచులు నలిగిపోయాయి.

"దీని మింద కూడా సదవండి సామీ."

"నీకా తల్లీ?" అన్నాడు తాత.

"కాదు సామీ. మా పాపవి. ఇట్లాంటి భయమే దానికీ. పోయినేడు ఈడికే తీసుకొచ్చి దారం కట్టించినా. మందు ముట్టొద్దంటే ఆపొద్దుట్నుంచి ఇవి ముట్టనీలేదు నేను."

"పాప యాడుంది?"

"పోయింది సామీ. బాయిలో. దారం చేతికే ఉండె." నలిగిన అట్ట అంచును వేలితో సాపు చేసింది. "ఒక మాట అడిగి పోదామని వచ్చినా. దారం కట్టినాక పద్దినాలకు నేను మా పుట్టింట్లో సావుకు పోయొచ్చినా. ఆ మైల తగిలి ముడి చెడిపోయిందేమో, అందుకే అట్ల జరిగిందేమోనని... నాకు నిద్ర పట్టడంలేదు సామీ."

ఆమె ముఖంలో కోపం లేదు. ఉంటే ఎంత బాగుండేది! కాసిమయ్య వైపు చూసి రెండు చేతులూ జోడించింది.

తాత కాసిమయ్య వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పు ఆయమ్మకు."

కాసిమయ్యకు ఒళ్లంతా చెమట పట్టేసింది. గొంతు పూడుకుపోయింది. లేచి పారిపోదామని తలుపు వైపు చూశాడు.

"గొంతు వణికితే వణకనీ" అన్నాడు తాత. "చెప్పు."

కాసిమయ్య పాకుతూ పోయి ఆమె ఎదురుగా నేలమీద కూర్చున్నాడు.

"అమ్మా," అన్నాడు, "నువ్వేం చెయ్యలేదు."